కణాల నడక చదివే కొలువులు

చర్మం తెగితే గాయం అంచుల్లో ఉన్న కణాలు లోపలికి జరుగుతూ ఆ ఖాళీని పూడుస్తాయి. బ్యాక్టీరియా ఒంట్లో చొరబడితే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం రక్తనాళం గోడ దాటుకుని దాని వెంటపడుతుంది. క్యాన్సర్ ప్రాణాల మీదికి తెచ్చేదీ చాలాసార్లు దాని కణాలు పుట్టిన చోటు వదిలి వేరే అవయవానికి వలస పోయినప్పుడే. ఎటు కదలాలో, ఏ ఆకారం తీసుకోవాలో కణానికి చెప్పేదెవరు? ఈ ఒక్క ప్రశ్న మీద పనిచేసే ల్యాబులు, ఔషధ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాక దిగాలుపడిన పిల్లలకు మాత్రం ఈ దారి గురించి చెప్పేవారు తక్కువ.

జవాబులో పెద్ద భాగం 1992లో లండన్‌లో దొరికింది. యాన్ రిడ్లీ, అలన్ హాల్ అనే శాస్త్రవేత్తలు ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు సీరం ఆపేసి, అవి సద్దుమణిగాక సన్నని గాజుసూదితో ఒక్కో ప్రొటీన్ ఎక్కించి చూశారు. రో అనే ప్రొటీన్ ఎక్కిస్తే కణం లోపల యాక్టిన్ అనే ప్రొటీన్ బిగుతైన పోగులుగా ఏర్పడింది. ర్యాక్ ఎక్కిస్తే కణం అంచు కుచ్చిళ్లలా పైకి లేచింది. మూడోదైన సీడీసీ42 సన్నని వేళ్లలాంటి పొడుపులు పుట్టిస్తుందని 1995లో తేలింది. ఈ మూడూ స్విచ్‌ల లాంటివి. జీటీపీ అతుక్కుంటే ఆన్, అది జీడీపీగా మారితే ఆఫ్. ఆన్ చేసే ప్రొటీన్లను జెఫ్‌లు అని, ఆఫ్ చేసేవాటిని గ్యాప్‌లు అని అంటారు. ర్యాక్ ఆన్ అయితే ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల సముదాయం యాక్టిన్‌ను కొమ్మలు కొమ్మలుగా పెంచుతుంది, దాంతో కణం ముందంచు ముందుకు తోసుకెళ్తుంది. రో మాత్రం రాక్ అనే ఎంజైమ్ ద్వారా మయోసిన్‌ను పురికొల్పి వెనుక భాగాన్ని లాగుతుంది.

ముందు ర్యాక్, వెనుక రో అని చాలాకాలం పాఠాలు చెప్పారు. కానీ 2009లో క్లాస్ హాన్, గాడెంజ్ డానుసర్ అనే శాస్త్రవేత్తల బృందాలు బతికున్న కణాల్లో ఈ ప్రొటీన్లు ఎప్పుడు, ఎక్కడ ఆన్ అవుతున్నాయో వెలుగుతూ చూపించే బయోసెన్సర్లు పెట్టి, ఆ వీడియోలను కంప్యూటర్‌తో కొలిచాయి. ముందంచు కదిలే క్షణంలో అక్కడే వెలిగింది రో. ర్యాక్, సీడీసీ42 సుమారు 2 మైక్రాన్లు వెనుక, దాదాపు 40 సెకన్లు ఆలస్యంగా వెలిగాయి. కంటికి దొరకని ఈ తేడా కొలతకు దొరికింది. ఈ రంగంలోకి రావాలనుకునేవారు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే: పేర్లు కంఠస్థం చేసేవారి కంటే బొమ్మను ఓపిగ్గా చూసి, నిజాయతీగా కొలిచేవారికే ఇక్కడ విలువ. అందుకే లెక్కలు, ఫిజిక్స్ ఇష్టపడే ఎంపీసీ వారికీ ఇందులో చోటుంది.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. రాక్‌ను అడ్డుకునే ఫాసుడిల్ 1995లో జపాన్‌లో మెదడు రక్తనాళాల బిగింపుకు మందుగా వచ్చింది. అదే కోవలోని నెటార్సుడిల్ చుక్కల మందును 2017లో అమెరికా గ్లాకోమాకు అనుమతించింది. కంట్లో ద్రవం బయటికి పోయే జల్లెడలాంటి కణజాలాన్ని సడలించి, కంటి ఒత్తిడిని అది తగ్గిస్తుంది.

చేతిపని ఎలా ఉంటుందో తెలియాలంటే స్క్రాచ్ పరీక్ష చాలు. డిష్ అడుగున కణాలు నిండుగా పరుచుకున్నాక 200 మైక్రోలీటర్ల పైపెట్ టిప్‌తో ఒక గీత గీస్తారు. ఊడిన కణాలను కడిగేసి, గీత ఎంత పూడిందో గంటగంటకూ ఫొటోలు తీస్తారు. ప్రతిసారీ అదే చోటు దొరికేలా డిష్ అడుగున మార్కర్‌తో ముందే గుర్తు పెట్టుకోవాలి. టిప్ వంగితే గీత వెడల్పు మారిపోతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, గీత పూడింది కణాలు నడిచినందుకా, లేక అవి సంఖ్యలో పెరిగినందుకా అన్నది. అందుకే సీరం తగ్గిస్తారు, లేదా విభజనను ఆపే మైటోమైసిన్-సి వాడతారు. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పే అభ్యర్థిని ఏ గైడూ తేలిగ్గా వదులుకోరు.

ఇంటర్ తర్వాత జాతీయ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్లకు ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. తిరుపతిలోనే ఐసర్ ఉంది. మామూలు కాలేజీలో బీఎస్సీ చేసినా దారి మూసుకుపోదు. అయితే ఒక్క బీఎస్సీతో ఈ రంగంలో మంచి ఉద్యోగం ఆశించడం కష్టం, ఎమ్మెస్సీ చేయాల్సిందే. ఎమ్మెస్సీలో ఆరు నెలల ప్రాజెక్టును మాత్రం కణాలు పెంచే ల్యాబులోనే చేయండి. వేలకు వేలు పోసి చేసే వారం రోజుల సర్టిఫికెట్ కోర్సులకంటే అదే పనికొస్తుంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్, జేజీఈఈబిల్స్ వంటి పరీక్షలున్నాయి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు రూ.37,000, ఎస్ఆర్ఎఫ్ రూ.42,000, హెచ్ఆర్ఏ అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు, ఒక్కోసారి ఆపైన కూడా పడుతుంది. ఇంట్లో వెంటనే సంపాదన అవసరమైతే ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరి, జీతం తీసుకుంటూ నెట్‌కు సిద్ధం కావచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి.

ఇంట్లో కూర్చునే మొదలుపెట్టే పనీ ఒకటుంది. ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ ఉచితం. కణాల వీడియోలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక వీడియోలో పది కణాల దారిని గుర్తించి, వేగం లెక్కగట్టి, పైథాన్‌లో గ్రాఫ్ గీయండి. ల్యాబులో అవకాశం కోసం ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌కు ఆ గ్రాఫ్ జతచేయండి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఒకే ఉత్తరం యాభై మందికి పంపకుండా, ఆ ల్యాబు పేపర్ ఒకటి చదివి, అందులోని ఒక బొమ్మ గురించి మీకు నిజంగా వచ్చిన సందేహం అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మరోసారి రాయండి.