అతిథి ధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు నిమిత్తం విదేశానికి వెళ్ళిన విద్యార్థి అక్కడి ఒక కుటుంబంతో కలిసి నివసించే పద్ధతిని ‘హోమ్‌స్టే’ అంటారు. తొలిసారి అలా వెళ్ళే విద్యార్థి ఏయే విషయాల్లో సిద్ధపడాలో తెలపడం, ఆతిథ్యం స్వీకరించేవారికీ ఒక ధర్మం ఉందని గుర్తు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

అతిథిని ఆదరించడం గురించి మన సాహిత్యం ఎంతో చెప్పింది. తైత్తిరీయోపనిషత్తు తల్లి, తండ్రి, గురువుల వరుసలో అతిథిని దైవసమానుడిగా నిలిపింది. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో వచ్చిన అతిథికి ఆ ఋతువుకు తగిన వంటకాలు వడ్డించాడు. ఆతిథ్యం ఇచ్చేవారి ధర్మం ఈ విధంగా మనకు సుపరిచితమే. కాని ఆతిథ్యం పొందేవారి ధర్మాన్ని మనం అంతగా తలచుకోము.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లోని ప్రవరుడు ఇందుకు చక్కని ఉదాహరణ. యాత్రికులు ఎవరు ఊరికి వచ్చినా ఎదురేగి ఇంటికి తోడ్కొని వచ్చి, భోజనం పెట్టి, వారు చూచిన దేశాల విశేషాలు అడిగి తెలుసుకోవడం అతనికి నిత్యకృత్యం. ఆతిథ్యమివ్వడంలో అంతటి నిష్ణాతుడు, ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకొని ఉన్నపళంగా హిమాలయానికి వెళ్ళాడు. మంచునీటికి ఆ పసరు కరిగిపోతుందని ఊహించలేదు. తిరిగివచ్చే దారి తెలియక దిక్కుతోచని స్థితిలో పడ్డాడు. దూరదేశాల గురించి వినడం వేరు, అక్కడికి వెళ్ళడానికి సిద్ధపడడం వేరు.

పరాయి దేశపు కుటుంబంలో ఉండి ఆ దేశాన్ని తెలుసుకోవాలన్న ఆలోచన ఇరవయ్యవ శతాబ్దంలో ఒక విద్యావిధానంగా రూపొందింది. 1932లో అమెరికాకు చెందిన డొనాల్డ్ వాట్ యువకులను ఐరోపాకు తీసుకువెళ్ళి ప్రారంభించిన కార్యక్రమం దీనికి తొలి రూపాల్లో ఒకటి. యుద్ధాల్లో క్షతగాత్రులను మోసిన అంబులెన్సు చోదకుల సంస్థ ‘అమెరికన్ ఫీల్డ్ సర్వీస్’ 1947లో విద్యార్థుల మార్పిడిని చేపట్టింది. ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తిన్న యువతరం మళ్ళీ యుద్ధానికి తొందరపడదన్న ఆశ దాని వెనుక ఉంది.

ఈ పద్ధతి రూపొందక ముందే ఆ అనుభవాన్ని పొందిన భారతీయ విద్యార్థి ఒకరున్నారు. ఆయన మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ. 1888లో బారిష్టరు చదువు కోసం ఇంగ్లండు వెళ్ళిన ఆయన తన ఇబ్బందులను ఆత్మకథలో దాపరికం లేకుండా వివరించారు. తెల్లని ఫ్లానెల్ దుస్తులు తగినవనుకొని ధరించి ఓడ దిగారు. తీరా చూస్తే అక్కడ అటువంటి దుస్తులు ధరించినవారు మరొకరు లేరు. సామాను, తాళంచెవులు ఏజెంటు వద్ద ఉండిపోయాయి. మరునాడు ఆదివారం కావడంతో దుస్తులు మార్చుకొనే వీలు కూడా లేకపోయింది. ఆ తొలినాళ్ళలోనే డాక్టర్ ప్రాణజీవన్ మెహతా ఆయనకు ఆ దేశపు మర్యాదలు బోధించారు. ఇతరుల వస్తువులను తాకరాదు, తొలి పరిచయంలోనే సొంత విషయాలు ప్రశ్నించరాదు, బిగ్గరగా మాట్లాడరాదు అని చెప్పారు. ఇంగ్లండు జీవితం తెలియాలంటే ఒక కుటుంబంతో ఉండడమే మేలని కూడా సలహా ఇచ్చారు.

ఆ విధంగా గాంధీజీ ఒక వితంతువు ఇంట్లో చేరారు. మద్యమాంసాలు ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చిన ఆ యువకునికి ఏమి వండిపెట్టాలో ఆమెకు తోచలేదు. ఆమె కుమార్తెలు ఒకటి రెండు రొట్టెముక్కలు అదనంగా వడ్డించేవారు. మొత్తం రొట్టె తినగల ఆకలి ఉన్నా, ఇంకా కావాలని అడగడానికి ఆయనకు బిడియం. ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనిపించిన రోజున గాని ఆ దేశంలో ఆయనకు కడుపునిండా భోజనం దొరకలేదు. ఈ ఘట్టంలో ఎవరి దోషమూ లేదు. పెట్టేవారికి మనసుంది, తినేవారికి ఆకలి ఉంది. ఆ రెంటి నడుమ అడ్డుగోడగా నిలిచింది మొహమాటం.

మొహమాటాన్ని మనం మర్యాదగా భావిస్తాము. వడ్డించబోతే ఒకసారి వద్దనడం, మళ్ళీ బలవంతపెడితే అంగీకరించడం మన ఇళ్ళలో వాడుక. అనేక దేశాల్లో ఈ పద్ధతి లేదు. వద్దంటే నిజంగానే వద్దని గ్రహించి గిన్నె లోపలికి తీసుకువెళతారు. కనుక అవసరాన్ని సకాలంలో, స్పష్టంగా, వినయంగా చెప్పడమే అతిథి మొదటి ధర్మం. ఆ ఇంటి పద్ధతిని గమనించి పాటించడం రెండవ ధర్మం.

నేడు ఒక తెలుగు విద్యార్థి జపానులో ఒక కుటుంబంతో ఉండడానికి వెళుతున్నాడనుకొందాం. అక్కడి ఇల్లు గడపలోనే పాఠాలు మొదలుపెడుతుంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మనకు కొత్త కాదు. అయితే విడిచిన చెప్పుల ముందుభాగం వాకిలి వైపు ఉండేలా సర్దడం అక్కడి మర్యాద. ఇంట్లో తొడుక్కొనే చెప్పులు వేరు, మరుగుదొడ్డిలో వాడేవి వేరు. ‘తతామి’ అనే గడ్డిచాపలు పరచిన గదిలో ఏ చెప్పులూ వాడరాదు. స్నానాల గదిలో మరింత మెలకువ కావాలి. తొట్టి వెలుపలే ఒళ్ళు రుద్దుకొని శుభ్రంగా కడుక్కొన్న తరువాతనే వేడినీటి తొట్టిలో దిగాలి. ఆ నీటినే ఇంటిల్లిపాదీ వరుసగా ఉపయోగిస్తారు. కాబట్టి తన స్నానం కాగానే తొట్టిని ఖాళీ చేస్తే తరువాతివారికి ఇబ్బంది కలుగుతుంది.

భోజనం వద్ద పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చరాదు. ఒకరి పుల్లలతో పట్టుకొన్న పదార్థాన్ని మరొకరు పుల్లలతో అందుకోరాదు. ఇవి అక్కడి అంత్యక్రియల ఆచారాలను గుర్తుకు తెస్తాయి. శాకాహారి అయిన విద్యార్థి ‘మాంసం తినను’ అంటే సరిపోదు. అక్కడి అనేక వంటకాలకు ఆధారమైన ‘దాషి’ అనే రసాన్ని సాధారణంగా ఎండుచేప పొరలతో కాచి తీస్తారు. కనుక ‘మాంసం, చేప, చేపతో కాచిన రసం తినను, గుడ్డు, పాలు తింటాను’ అని ఏది తినడో ఏది తింటాడో రెండూ తెలపాలి. ‘కొంబు’ అనే సముద్రపు నాచుతో కూడా దాషి తయారవుతుంది. ముందుగా తెలిస్తే ఆ ఇంటివారు ఏర్పాటు చేసుకోగలరు. వండి వడ్డించిన తరువాత తెలిస్తే నొచ్చుకోవడం తప్ప ఏమీ చేయలేరు.

అందువల్ల ప్రయాణ సన్నాహం పెట్టె సర్దడంతో కాక, ఉత్తరం రాయడంతో ప్రారంభం కావాలి. తన పేరు, దానిని పలికే తీరు, కుటుంబం, ఆహార నియమాలు, ఆరోగ్య సమస్యలు, ప్రార్థనవేళలు, అభిరుచులు తెలుపుతూ ఆ కుటుంబానికి ఒక ఉత్తరం పంపాలి. వారి దినచర్యను, తాను ఏ పనుల్లో సాయపడవచ్చునో అడగాలి. తన కంచం కడగడం, పక్క సర్దడం, బట్టలు ఉతకడం రాని విద్యార్థి వాటిని ముందుగా సొంత ఇంట్లో అలవరచుకోవాలి. జపానులో చెత్తను రకాలుగా వేరుచేసి నిర్ణీత దినాల్లో బయట పెడతారు. ఈ చిన్న పనిని శ్రద్ధగా నేర్చుకొన్న అతిథి ఆ ఇంటికి భారం కాడు.

సామాను విషయంలో కొన్ని జాగ్రత్తలు చాలు. అక్కడ విద్యుత్తు 100 వోల్టులు, మన దేశంలో 230 వోల్టులు. అక్కడి ప్లగ్గుకు రెండు చదును పుల్లలుంటాయి. తాజా పండ్లు, మాంసపదార్థాలు తీసుకువెళ్ళడంపై కఠిన నిబంధనలున్నాయి. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ వంటి ద్రవ్యాలపై కూడా ఆంక్షలున్నందున మందులకు వైద్యుని చీటీ ఉండాలి. కానుకగా ఖరీదైన వస్తువు అవసరం లేదు. ఒక కొండపల్లి బొమ్మ గాని, నిర్మల్ చిత్రం గాని, పోచంపల్లి రుమాలు గాని చాలు. దాని వెనుక ఉన్న కళాకారుల కథను రెండు వాక్యాల్లో చెప్పగలిగితే కానుక విలువ ఇనుమడిస్తుంది.

ఎంత సిద్ధపడినా, తొలి వారాల్లో ఇల్లు గుర్తుకు రావడం సహజం. భాష అర్థం కాక తల బరువెక్కుతుంది. అటువంటప్పుడు గదిలో తలుపు వేసుకొని రోజంతా ఫోనులో తల్లిదండ్రులతో మాట్లాడడం ఉపశమనంలా కనిపిస్తుంది గాని, ఎదురుగా ఉన్న కుటుంబాన్ని దూరం చేస్తుంది. పైగా హైదరాబాదులో రాత్రి ఎనిమిదింటికి టోక్యోలో పదకొండున్నర. వారానికి ఒకటి రెండు రోజులు వేళ నిర్ణయించుకోవడం మంచిది.

సర్దుకుపోవడానికీ ఒక హద్దు ఉంది. రుచి, వేళ, అలవాటు వంటి విషయాల్లో సర్దుకోవాలి. అవమానం, భయం, శరీరానికి గాని ఆరోగ్యానికి గాని హాని కలిగినప్పుడు సర్దుకోరాదు. కార్యక్రమ బాధ్యునికి, తల్లిదండ్రులకు వెంటనే తెలియజేయాలి. జపానులో పోలీసుల కోసం 110, అంబులెన్సు, అగ్నిమాపక దళాల కోసం 119 సంఖ్యలు ఉన్నాయి. భూకంపం వస్తే ఎక్కడికి చేరాలో మొదటి రోజే ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. గాంధీజీ ఆకలితో మౌనంగా ఉన్న రోజులను నేటి విద్యార్థి మళ్ళీ అనుభవించనవసరం లేదు.

మన ఇళ్ళలో గడప దాటేవారు ‘వెళతాను’ అనరు, ‘వెళ్ళివస్తాను’ అంటారు. జపానీయులు ఇల్లు విడిచేటప్పుడు పలికే ‘ఇత్తెకిమాసు’కు అర్థం కూడా అదే. ‘వెళ్ళిరా’ అనే అర్థంలో ఇంట్లోవారు ‘ఇత్తెరస్షాయ్’ అని బదులిస్తారు. సముద్రాల ఆవల ఉన్న ఒక ఇంట్లో ఉదయం పూట ఆ మాట పలికి, సాయంత్రం తిరిగివచ్చేసరికి తన కోసం ఎదురుచూసేవారు ఉన్నారని తెలుసుకొన్న విద్యార్థికి ఆ దేశం ఇక పరాయిది కాదు.

కఠిన పదాలు – అర్థాలు

నిష్ణాతుడు = బాగా నేర్పరి
నిత్యకృత్యం = ప్రతిరోజు చేసే పని
క్షతగాత్రులు = గాయపడినవారు
ఇనుమడించు = రెట్టింపగు
ఉపశమనం = ఊరట

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
విదేశీ కుటుంబంతో నివసించబోయే విద్యార్థి ఏ విధంగా సిద్ధపడాలో పాఠం ఆధారంగా వివరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ప్రవరుని ప్రయాణం నుండి గ్రహించవలసిన నీతి ఏమిటి?
2. ‘మొహమాటం అడ్డుగోడ’ అని రచయిత ఎందుకన్నారు?
3. అతిథి ఎక్కడ సర్దుకోవాలి? ఎక్కడ సర్దుకోరాదు?

III. సంధి విడదీసి, సంధి పేరు తెలపండి: శాకాహారం, విద్యార్థి

IV. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: అతిథి ధర్మం, మద్యమాంసాలు

V. జపాను కుటుంబానికి మిమ్మల్ని పరిచయం చేసుకొంటూ ఒక ఉత్తరం రాయండి.