రైన్ ఒడ్డున ఒక్క రాత్రి ఉండిపోదాం

జర్మనీ టికెట్లు ఖాయమయ్యాయా? సంతోషం చెల్లీ. ఆ చేతిలో కాగితం ఒకసారి ఇలా ఇవ్వు, చూస్తాను. సోమవారం కొలోన్, మంగళవారం హైడెల్‌బర్గ్, బుధవారం బ్లాక్ ఫారెస్ట్, గురువారం ఏకంగా పారిస్! ఏమ్మా, వెనకాల ఎవరైనా తరుముతున్నారా?

"ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్తున్నాం కదక్కా, అన్నీ చూసి రావద్దూ?" అంటావు. నాకు తెలుసు, ఆ పీకులాట మనందరికీ ఉంటుంది. మళ్ళీ ఎప్పుడొస్తామో, అసలు వస్తామో రామో అని. కానీ రోజుకో ఊరు పెట్టుకోవడమంటే ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళకు వెళ్ళినట్టే. అక్షింతలు వేస్తాం, ఫొటో దిగుతాం, ఎక్కడా స్తిమితంగా కూర్చుని భోంచేయం. అందుకని ఆ కాగితంలో రెండు పేర్లు కొట్టేద్దాం. వాటి చోట ఒక్క చిన్న ఊరు రాసుకో: బాఖరాఖ్. అక్కడ ఒక రాత్రి తప్పకుండా ఉండాలి, అది నా షరతు.

రైన్ నదికి ఎడమ గట్టున, కొండకీ నీళ్ళకీ మధ్య ఉన్న కాస్త జాగాలో ఇమిడిపోయిన ఊరది. జనాభా రెండువేల లోపే. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల పొడవున రైన్ లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బాఖరాఖ్ ఆ లోయలోనే ఉంది. చుట్టూ పాత కోటగోడ, లోపల చెక్క దూలాల మధ్య సున్నం కొట్టిన ఇళ్ళు, తల ఎత్తితే ఎటు చూసినా ద్రాక్షతోటలు.

"ద్రాక్షతోటలంటే వైనేగా? మనకా అలవాటు లేదు, అక్కడ మనకేం పని?" అని మొహమాటపడుతున్నావు కదూ? మొహమాటం ఎందుకమ్మా! వైన్ ఆ ఊరికి బతుకుతెరువు. పూర్వం బింగెన్ దగ్గర నదిలో అడ్డంగా రాళ్ళ వరస ఉండేది. ఎగువ నుంచి వైన్ పీపాలతో వచ్చే చిన్న పడవలు ఎలాగో దాన్ని దాటేవి, పెద్ద ఓడలు దాటలేకపోయేవి. దాంతో సరుకంతా బాఖరాఖ్‌లో దింపి పెద్ద ఓడల్లోకి ఎక్కించేవారు. ఎక్కడో పండిన వైన్ కూడా ఈ ఊరి పేరుతోనే అమ్ముడయ్యేది. 17వ శతాబ్దపు యుద్ధాల్లో ఊరు బాగా దెబ్బతింది, ఆ తర్వాత మళ్ళీ పెద్దది కాలేదు. ఆ నష్టమే మనకు లాభమైంది, పాత వీధులు పాతగానే మిగిలాయి. తాగినా తాగకపోయినా వినదగ్గ కథే కదా?

తాగనివాళ్ళు వైన్ అమ్మే చోట కూర్చోవడానికి జంకక్కర్లేదు. ట్రౌబెన్‌జాఫ్ట్ అని అడిగితే ద్రాక్షరసం ఇస్తారు, చాలాచోట్ల వాళ్ళ సొంత తోటదే ఉంటుంది. ఆపిల్‌షోర్లే అంటే ఆపిల్ రసంలో సోడా నీళ్ళు. నువ్వేం తాగుతున్నావని ఎవరూ చూడరు. ఇంట్లో ఎవరికైనా రుచి చూడాలని ఉంటే వాళ్ళ మీద మొహం ముడవకు. ఆ ప్రాంతానికి పేరు తెచ్చింది రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష. సీసా మీద ట్రాకెన్ అని ఉంటే తీపి ఉండదు, లీబ్లిష్ అని ఉంటే తియ్యగా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే మాత్రం ఒక్క జాగ్రత్త. ఫెడర్‌వైసర్ అని ఇంకా పొంగుతూ ఉన్న కొత్త వైన్ అమ్ముతారు. తియ్యగా ఉంది కదా, రసమేలే అని గడగడా తాగితే తల తిరుగుతుంది. గ్యాస్ బయటికి పోవడానికి దాని మూత బిగించరు. సంచిలో పడుకోబెట్టావంటే చీరలన్నీ తడిసిపోతాయి!

వెళ్ళడం కష్టమేమో అన్న బెంగ కూడా వద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు చాలామందే ఉన్నారు, అక్కడికి వెళ్ళే అమ్మానాన్నలూ ఎక్కువే. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి మైంజ్‌లో రైలు మారితే గంటన్నర అటూఇటూగా చేరిపోతాం. వేగంగా పోయే పెద్ద రైళ్ళు ఇక్కడ ఆగవు, ప్యాసింజర్ లాంటి ప్రాంతీయ రైలే ఎక్కాలి. నెలరోజులు ఉండేటట్టయితే డాయిష్‌లాండ్ టికెట్ తీసుకో. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ప్రాంతీయ రైళ్ళు, బస్సులు, ట్రాములు దేశమంతా దాని మీదే తిరగొచ్చు. అది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది కాబట్టి, వాడుకునే ఆఖరి నెల పదో తారీఖులోపు రద్దు చేయమని అబ్బాయికి గుర్తు చేయి. పని ఒత్తిడిలో పిల్లలు మరిచిపోతారు, వాళ్ళని అనుకుని లాభం లేదు.

సామాను సంగతి నేను చెప్పినట్టు విను. పెద్ద సూట్‌కేసు పిల్లల ఇంట్లోనే వదిలెయ్. ఒక రాత్రికి భుజానికి తగిలించుకునే సంచి చాలు. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, చక్రాల పెట్టె అడుగడుగునా మొరాయిస్తుంది. పాత ఇళ్ళలో నడిపే బసల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులుంటే గది బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు కావాలని రాయించు. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకో. చీర కట్టుకుంటావా, కట్టుకో, కాస్త పైకి కట్టుకుంటే మెట్లెక్కేటప్పుడు కాళ్ళకు అడ్డం పడదు.

ఇక ఊళ్ళోకి వెళ్దాం. సంతవీధి మూలన ఒక పాత ఇల్లుంది, పేరు కూడా 'పాత ఇల్లు' అనే. 1368 నాటిదని చెప్పుకుంటారు. దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని వెంటనే కదిలిపోకు. దూలాలు ఎక్కడ ఎలా మెలికలు తిరిగాయో, ఒక్కో అంతస్తు కిందిదాని కంటే ఎలా ముందుకొచ్చిందో చూడు. పక్కనే సెయింట్ పీటర్ చర్చి. అక్కడి నుంచి మెట్లెక్కితే వెర్నర్ చాపెల్ వస్తుంది. పైకప్పు లేదు, ఎర్రరాతి గోడలూ పొడుగాటి కిటికీలూ మాత్రం మిగిలాయి, వాటిలోంచి ఆకాశం కనిపిస్తుంది. ఎంత బాగుందో అనిపిస్తుంది.

కానీ దాని కథ తెలుసుకునే వెళ్ళాలమ్మా. 1287లో వెర్నర్ అనే పిల్లవాడు చనిపోతే, యూదులే చంపారని అబద్ధపు నింద వేశారు. ఆ నింద పేరు చెప్పి రైన్ ఒడ్డు ఊళ్ళలో యూదులను ఊచకోత కోశారు. ఆ పిల్లవాణ్ణి పుణ్యాత్ముడని పూజిస్తూ ఈ గుడి కట్టారు. 1689లో ఫ్రెంచి సైన్యం పైనున్న స్టాలెక్ కోటను పేల్చేసినప్పుడు ఆ శిథిలాలు పడి ఇది కూలిపోయింది. 1963లో ట్రియర్ మతపీఠం వెర్నర్ పేరును తన పుణ్యపురుషుల క్యాలెండర్ నుంచి తీసేసింది. క్షమించమని వేడుకునే ప్రార్థన రాసిన పలక ఇప్పుడు అక్కడ ఉంది. కవి హైనే ఆ దారుణాల నేపథ్యంలోనే 'బాఖరాఖ్ రబ్బీ' రాయడం మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే 1840లో అచ్చువేశాడు. అందమైన చోట ఇలాంటి సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది కదా? చివుక్కుమననీ. కాసేపు మాట్లాడకుండా ఆ మెట్ల మీద కూర్చో, తర్వాతే ఫోను బయటికి తియ్.

మోకాళ్ళు ఒప్పుకుంటే ఇంకా పైకి, స్టాలెక్ కోట దాకా వెళ్ళొచ్చు. కూలిన కోటను 20వ శతాబ్దంలో మళ్ళీ కట్టారు, ఇప్పుడది యూత్ హాస్టల్. పేరు చూసి కుర్రాళ్ళకే అనుకోకు, కుటుంబాలనూ ఉండనిస్తారు. సభ్యత్వం మాత్రం తీసుకోవాలి. ఖర్చు కలిసొస్తుంది, కోటలో పడుకున్నామని జీవితాంతం చెప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే? బాధపడొద్దు, కిందనే కోటగోడ మీద నడిచే దారుంది. కొంచెం ఓపిక ఉంటే ద్రాక్షతోటల మధ్య ఉన్న పోస్టెన్ బురుజు దాకా నెమ్మదిగా వెళ్దాం. ఊరి ఇంటికప్పులన్నీ కాళ్ళ కింద పరుచుకుంటాయి.

ఆ తోటలో ఒక్క నిమిషం వంగి నేల చూడు. మట్టి కంటే పలకరాయి ముక్కలే ఎక్కువగా కనిపిస్తాయి, మనం చిన్నప్పుడు బలపంతో రాసిన పలకల రాయే. పగటి ఎండను పట్టి ఉంచుకుని, సాయంత్రం చలిపడ్డాక ఆ వేడిని తీగకు అందిస్తుంది. అంత ఉత్తరాన, అంత చలిలో ద్రాక్ష పండుతోందంటే ఈ రాయీ, ఎండను కొండ మీదికి తిప్పికొట్టే నదీ, దక్షిణం వైపు తిరిగిన వాలూ కారణాలు. నిటారు వాలుల్లో యంత్రాలు నిలబడవు, మనుషులే నడుం వంచి కోస్తారు. అందుకే చెప్తున్నా, ఒక్క పండే కదా అని చెయ్యి వెయ్యకు, పిల్లల్ని వెయ్యనివ్వకు. ఎవరిదో కష్టం అది.

తిండి సంగతేమిటంటావా? శాకాహారులకు నిజంగానే కొంచెం ఇబ్బందే, కానీ పస్తులేం ఉండం. 'ఓనే ఫ్లైష్, ఓనే ఫిష్' అని చెప్పు, మాంసం లేకుండా, చేప లేకుండా అని. పల్చటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చే ఫ్లామ్‌కూఖెన్ చూస్తే నోరూరుతుంది, అయితే అందులో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు. 'ఓనే స్పెక్' అని గట్టిగా చెప్పాలి. జున్నుతో చేసే కేజే స్పెట్జ్‌లే తినొచ్చు, గుడ్డు ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు చూసుకోండి. మంచినీళ్ళు అడిగితే బుడగల సోడా తెచ్చిపెడతారు, 'స్టిల్లెస్ వాసర్' అనాలి. గదిలో కొళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా నింపుకుని బయల్దేరు.

మన తిండి లేనిదే గడవని నాన్నగారో అత్తగారో వెంట ఉంటే, వంటిల్లు ఉన్న ఫెరియెన్‌వోనుంగ్ తీసుకోండి. బియ్యం, పెరుగు, పొడి డబ్బా, ఊరగాయ ఉంటే మనకింక లోటేముంది? ఎండుమిరపకాయలతో పోపు మాత్రం వద్దు తల్లీ. జర్మనీలో ఇళ్ళలో పొగ పసిగట్టే అలారం తప్పనిసరి. మన ఘాటు పోపుకి అది కూతపెడితే వీధి వీధంతా తొంగిచూస్తుంది.

ఇంకో రెండు మాటలు కొంగున ముడేసుకో. ఆదివారం జర్మనీలో దుకాణాలు మూసేస్తారు, కావాల్సినవి శనివారమే కొనుక్కోవాలి. హోటళ్ళకు వారానికో సెలవు ఉంటుంది, తలుపు మీద రుహేటాగ్ అని రాసి ఉంటే ఆ రోజు లేదన్నమాట. చలికాలంలో చాలా బసలు, తినుబండారాల చోట్లు మూసే ఉంటాయి, కాబట్టి ఏప్రిల్, అక్టోబరుల మధ్య వెళ్దాం. కార్డు తీసుకోని చోట్లుంటాయి, పర్సులో కొంత నగదు, మరుగుదొడ్డి కోసం చిల్లర నాణేలు ఉంచుకో. ఆపద వస్తే 112. దుకాణంలోకి అడుగుపెట్టగానే 'గూటెన్ టాగ్' అని పలకరించు. భాష రాదని ముడుచుకుపోవద్దు, నవ్వుతూ ఆ ఒక్క మాటంటే తర్వాత సైగలతోనైనా పని జరిగిపోతుంది.

రాత్రి ఎందుకు ఉండమన్నానో ఇప్పుడు చెప్తాను. పగలు ఓడలు దింపిన జనంతో వీధులు కిటకిటలాడతాయి. సాయంత్రం ఆఖరి ఓడ వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది. ఎవరో కిటికీలో పూలకుండీకి నీళ్ళు పోస్తుంటారు, చర్చి గంట మోగుతుంది, వేసవిలో రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. నువ్వూ ఆయనా ఫోన్లు లోపల పెట్టి రేవు దాకా నడిచి రండి. ఎన్నాళ్ళైంది అలా ఏ పనీ లేకుండా పక్కపక్కన నడిచి? రాత్రి గూడ్సు రైళ్ళు రెండు గట్ల మీదా పోతూనే ఉంటాయి, అది ముందే చెప్తున్నా. గది నది వైపు కాకుండా లోపలి లోయ వైపు అడుగు, చెవుల్లో దూది పెట్టుకో.

పొద్దున్న తీరిగ్గా టిఫిను చేసి ఓడ ఎక్కుదాం. దిగువకు, అంటే సెయింట్ గోర్ వైపు వెళ్ళేదే ఎక్కు, ప్రవాహంతో పాటు త్వరగా పోతుంది. దారిలో కౌబ్ దగ్గర నది మధ్యలో తెల్లటి చిన్న కోట కనిపిస్తుంది, పూర్వం పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టింది. తర్వాత 132 మీటర్ల ఎత్తున లోరెలై బండ. సెయింట్ గోర్‌లో దిగి అదే గట్టున రైలెక్కితే తిరిగి రావడం తేలిక. మైంజ్, కోబ్లెంజ్‌ల మధ్య రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు, అవతలి గట్టున దిగితే మళ్ళీ ఫెర్రీ కోసం చూడాలి.

అసలు బెంగ ఇంకోటుందని నాకు తెలుసు. "ఒక్క రాత్రికి గది తీసుకోవడమెందుకు, దండగ" అని ఆయన అంటారేమో, పిల్లలకు సెలవు దొరకదేమో, నేను అడిగితే ఏమనుకుంటారో అని. అడగకుండానే మనకేం కావాలో ఇంట్లోవాళ్ళకు తెలిసిపోవాలని ఎదురుచూస్తూ ఎన్నేళ్ళు గడిపాం చెప్పు? వాళ్ళకు ప్రేమ లేక కాదు, తట్టదు, అంతే. ఈ రాత్రి భోజనాల దగ్గరే అడుగు: "నాకు ఆ ఊళ్ళో ఒక రాత్రి ఉండాలని ఉంది." సంజాయిషీ ఏమీ చెప్పకు. పిల్లలకు కుదరకపోతే మీరిద్దరే వెళ్ళండి, ఆయనకీ కుదరకపోతే చెల్లెల్నో స్నేహితురాలినో తోడు తీసుకెళ్ళు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక్కచోట రైలు మారడమే కదా, భయమేముంది?

వేసవిలో, ద్రాక్షకోతల రోజుల్లో గదులు త్వరగా నిండిపోతాయి. మిగతా ప్రయాణమంతా తర్వాత చూసుకుందువుగాని, ముందు ఆ గది బుక్ చేయించు.