కారులో ఏ.సి. మొరాయిస్తే?

మే నెల మధ్యాహ్నం. కారులో ఏ.సి. మీట నొక్కారు. ఫ్యాను తిరుగుతోంది, గాలి వస్తోంది. కాని అది వేడిగాలి! బానెట్ కింద కంప్రెసర్ పనిచేయడం లేదు. వెంటనే కొత్త కంప్రెసర్ కొనాలా? తొందరపడకండి. కారణాన్ని వరుసగా వెతుకుదాం.

చేతిమీద స్పిరిట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా! అది ఆవిరవుతూ చేతిలోని వేడిని గ్రహిస్తుంది. ఏ.సి.లోనూ ఇదే సూత్రం. 1990ల నుంచి ఎన్నో కార్లలో వాడిన ఆర్-134ఎ అనే పదార్థం మామూలు వాతావరణ పీడనం వద్ద -26 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. అది ఆవిరవుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని గట్టిగా నొక్కి ముందుకు పంపేది కంప్రెసర్. అప్పుడది వేడిని బయట వదిలి మళ్ళీ ద్రవమవుతుంది.

కంప్రెసర్‌కు బలం ఇంజను నుంచి బెల్టు ద్వారా వస్తుంది. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కార్లకు ఏ.సి. అమర్చినప్పుడు, దాన్ని ఆపాలంటే ఇంజను ఆపి బెల్టు ఊడదీయవలసి వచ్చేది! తరువాత విద్యుదయస్కాంత క్లచ్ వచ్చింది. ఇంజను నడుస్తున్నంతసేపూ పుల్లీ ఊరికే తిరుగుతుంది. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగానే అది అయస్కాంతమై ముందున్న పళ్ళాన్ని 'టక్' మని లాక్కుంటుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది.

ఆ 'టక్' వినపడలేదా? మొదటి ప్రశ్న: తీగచుట్టకు విద్యుత్తు అందుతోందా? మెకానిక్ వోల్టుమీటరుతో చూస్తాడు. 12 వోల్టులు అందుతున్నా పళ్ళెం కదలకపోతే లోపం క్లచ్‌లోనే. తీగచుట్ట నిరోధం 4 ఓములనుకోండి. ఓం నియమం ప్రకారం 12ను 4తో భాగిస్తే 3 ఆంపియర్లు. తీగ తెగితే ప్రవాహం సున్న. చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటే నిరోధం తగ్గి, ప్రవాహం పెరిగి ఫ్యూజు కాలిపోతుంది.

విద్యుత్తే అందకపోతే? ముందు ఫ్యూజు, రిలే చూడాలి. అవి బాగుంటే పీడన స్విచ్ మీద దృష్టి పెట్టాలి. 30 డిగ్రీల వద్ద, ఆగి ఉన్న ఏ.సి. గొట్టాల్లో పీడనం వాతావరణ పీడనానికి సుమారు ఏడున్నర రెట్లుండాలి. గ్యాసు కారిపోతే పీడనం పడిపోతుంది, స్విచ్ విద్యుత్తును ఆపేస్తుంది. ఎందుకు? కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాసుతో కలిసే తిరుగుతుంది. గ్యాసు లేకపోతే నూనె అందదు; లోపలి భాగాలు ఒరుసుకుని పట్టేస్తాయి. అంటే ఈ స్విచ్ శత్రువు కాదు, కాపలాదారు! తీగ ముక్కతో దాన్ని దాటవేస్తే చిన్న లోపం పెద్ద ఖర్చవుతుంది. కారే చోటు మూయకుండా గ్యాసు నింపడమూ వృథాయే. పైగా బయటకు పోయిన ఆ గ్యాసు, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

జాగ్రత్త! తిరిగే బెల్టు దగ్గర చేయి పెట్టకండి. గ్యాసు గొట్టాలు విప్పకండి. ఆ ద్రవం కంటికి తగిలితే ప్రమాదం. క్లచ్ లేని కంప్రెసర్లూ కొన్ని కార్లలో ఉన్నాయి. విద్యుత్ కార్లలో కంప్రెసర్‌కు వెళ్ళే నారింజ రంగు తీగలు అధిక వోల్టేజివి, తాకరాదు.

చేసి చూడండి: ఇనుప మేకుకు పూత ఉన్న సన్నని రాగి తీగ 50 చుట్లు చుట్టండి. తీగ కొనల పూత గీకి, టార్చి బ్యాటరీకి కొద్ది క్షణాలే తగిలించి గుండుసూదులు ఎత్తండి. తరువాత మధ్య ఒక్కొక్క కాగితం పెడుతూ పోండి. దూరం పెరిగేకొద్దీ పట్టు తగ్గుతుంది. ఇప్పుడు ఆలోచించండి: పళ్ళెం అరిగి సందు పెరిగిన క్లచ్ ఉదయం పనిచేసి, తీగచుట్ట బాగా వేడెక్కాక ఎందుకు జారిపోతుంది? వేడెక్కిన రాగి తీగ నిరోధం ఏమవుతుందో గుర్తుచేసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.