మన పేరు - మన ఓటు

"నీ పేరేంది?" అంటే ఏం చెప్తాం? "ఫలానాయన పెండ్లాన్ని, పెద్దోని అమ్మను" అంటామా?

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్లు ఇట్లాగే చెప్పారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల ఓట్లు పోయాయి.

ఆ ఎన్నికల్లో చదువు రానివాళ్లు పెట్టె మీది బొమ్మ చూసి ఓటేశారు. కోట్లమంది వేశారు. ఆ సంగతి లోకానికి తెలిసింది.

ఆఫ్రికాలో సూడాన్ అనే దేశం ఉంది. మన సీమ లాగే ఎండల దేశం. అక్కడా చదువుకున్నవాళ్లు తక్కువ. 1953లో అక్కడ పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. వాటిని జరిపించను ఏడుగురితో సంఘం వేశారు. దానికి పెద్దగా సుకుమార్ సేన్‌ను పిలిపించుకున్నారు. మనం నేర్చిన పని వాళ్లకు అక్కరకొచ్చింది.

అనంతపురంలో వాన రాకపోతే బెంగుళూరుకు కూలికి పోతాం. ఊళ్లో లేరని జాబితాలో పేరు తీసేయవచ్చు. అక్కా, ఇప్పుడు నీకు చదువొచ్చింది. జాబితా అడుగు. నీ పేరు నువ్వే వెతుకు. లేకపోతే 6వ నంబరు ఫారం నింపి ఇవ్వు.

చెప్పండి - రాయండి
1. 28 లక్షల ఓట్లు ఎందుకు పోయాయి?
2. సుకుమార్ సేన్ ఏ దేశానికి వెళ్లారు?
3. మీ పేరు, మీ అమ్మ పేరు రాయండి.