చూపునకు హద్దు

కార్తీక అమావాస్యనాడు రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల వేళ, నల్లమల అంచుననున్న పుల్లలచెరువు ప్రాంతమున దీపముల వెలుగునకు దూరముగ నిలిచి నడినెత్తికి ఉత్తరముగ చూచినచో, ఉత్తరాభాద్రకు కొంత ఎడముగ మబ్బుతునక వంటి మసక వెలుగు కనబడును. అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ కాంతి బయలుదేరి 25 లక్షల సంవత్సరములైనది. ఇట్లు ఎంతెంత దూరమైనను ఓపికతో వేచియున్నచో చూడగలమా? చూడలేమనియే నేటి ఖగోళశాస్త్రము చెప్పుచున్నది.

తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఆకాశము ఒక్కటియే, సర్వవ్యాపి, నిత్యము అని నిరూపించెను. ఆ ఆకాశమును శాస్త్రజ్ఞులు కొలుచు అంతరిక్షమును ఒక్కటే యనుట తొందరపాటగును. తర్కమున దూరపు దగ్గరలకు కారణమైనది దిక్కు అను వేరొక ద్రవ్యము. శాస్త్రజ్ఞుల అంతరిక్షము సాగుచున్నది. 1929లో హబుల్ చూపినట్లు, గెలాక్సీ ఎంత దూరమైన అంత వేగముగ తొలగిపోవుచున్నది. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరముల దూరమునకు సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగము పెరుగును. భూమి గాని, నల్లమల కొండలు గాని సాగవు. గురుత్వాకర్షణ బిగించి పట్టినవి అట్లే యుండును.

త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారము. అచ్చటినుండి ఒక యాత్రికుడు దినమునకు నాలుగు క్రోసులు నడచుచున్నాడనుకొందము. ప్రతి రాత్రియు మిగిలిన దారి ఎనిమిదవ వంతు పెరుగునని భావింపుడు. పదునారు క్రోసులు మిగిలినచో రాత్రికి రెండు పెరుగును, పగలు నాలుగు తరుగును, అతడు చేరును. నలుబది క్రోసులైనచో రాత్రికి అయిదు పెరుగును. ఎన్నినాళ్లు నడచినను గుడికి దూరమగుటయే గాని చేరుట లేదు. అతని కాళ్లలో లోపము లేదు. ముందు బయలుదేరినవాడు దర్శనము చేసికొనును, అదే ఊరినుండి కొన్నాళ్లు జాగుచేసి బయలుదేరినవానికి ఆ భాగ్యము లేదు.

కాంతి స్థితియు ఇదియే. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన ఆదికాలపు సూక్ష్మతరంగ కాంతి, మనకు కేవలము 4.2 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున బయలుదేరి, ఇన్ని యుగములు నడచి వచ్చినది. అది పుట్టిన చోటు ఇప్పుడు సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్నది. మన దర్శనమునకు పొలిమేర ఇంచుమించు అచ్చటనే.

ఈ సాగుట నానాటికి వేగవంతమగుచున్నదని 1998లో తేలినది. దానినిబట్టి, నేడు సుమారు 1,650 కోట్ల కాంతి సంవత్సరములకు ఆవలనున్న గెలాక్సీ ఈ క్షణమున వెలువరించు కాంతి మనకు ఎన్నటికిని రాదు. కనబడు పరిధిలోని గెలాక్సీలలో నూటికి తొంబదియైదు ఆవలివే! మనము చూచుచున్నది వాటి గతమును మాత్రమే. 1968లో జపాల్-రంగాపురమున ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినియైనను, దానికి ఎన్నో రెట్లు పెద్దదైనను, రాని కాంతిని పట్టజాలదు.

పది పదునైదువేల కోట్ల సంవత్సరముల పిమ్మట ఇచ్చటి ఆకాశమును పరిశీలించువానికి, గురుత్వముచే మనతో కట్టువడిన ఆండ్రోమెడా వంటి ఇరుగుపొరుగు తప్ప ఏ గెలాక్సీయు గోచరింపదు. ఆదికాంతియు గుర్తింపరానంత సన్నగిల్లును. అంతరిక్షము సాగుచున్నదను సాక్ష్యమే అతనికి దొరకదు. తన గెలాక్సీయే సమస్త విశ్వమని అతడు నిజాయితీగనే వ్రాసికొనును. అతని లెక్కలో తప్పును పట్టగలవాడు ఎవ్వడును ఉండడు.