పంచవటిలో ఒక వేకువ

సౌభ్రాత్రమనగానే మనకు శ్రీరామలక్ష్మణులు స్ఫురింతురు. కాని లక్ష్మణస్వామికి భరతునియందు గల సౌభ్రాత్రము ఎట్టిదని మనము సామాన్యముగా ఆలోచింపము. శ్రీమద్రామాయణమును ఈ దృష్టితో పరిశీలించినచో గృహస్థులకు మిక్కిలి ఉపకరించు పాఠమొకటి లభించును.

దశరథుని కుమారులు నలుగురును ఒక్క ఇంటనే పెరిగిరి. అయినను బాల్యమునుండియు లక్ష్మణుడు రామునితోను, శత్రుఘ్నుడు భరతునితోను మెలగెడివారని బాలకాండము తెలుపుచున్నది. లక్ష్మణుడు చెంత లేనిదే రామునికి నిదుర పట్టెడిది కాదు. మధురాన్నము తెచ్చియిచ్చినను అతడు లేక భుజించెడివాడు కాడు. ఇట్లు లక్ష్మణునికి ఒక అన్న హృదయము కరతలామలకమయ్యెను. వేరొక అన్న హృదయము తెలియకయే మిగిలెను. ఒక్క ఇంట పెరిగినంతమాత్రమున తోబుట్టువులందరును ఒకరినొకరు ఎరిగినవారు కారు గదా!

ఈ ఎరుగమి చిత్రకూటమున బయటపడినది. సేనాధ్వని విని లక్ష్మణుడు సాలవృక్షమునెక్కి చూచెను. కోవిదారధ్వజము కనబడెను. తమ్ము చంపి రాజ్యమును నిష్కంటకము చేసికొనుటకే భరతుడు వచ్చుచున్నాడని తలచి, అతనిని వధించుటకు సిద్ధపడెను. భరతుడు వచ్చుచున్నదో, అన్నను అయోధ్యకు మరలించుకొనిపోవుటకు! నీకు రాజ్యము కావలెనన్నచో చెప్పుము, ఇమ్మని భరతునితో అందును, అతడు కాదనడు అని రాముడు పలుకగా, లక్ష్మణుడు సిగ్గుతో కుంచించుకొనిపోయెను.

సిగ్గు మన తప్పును తెలుపును. ఎదుటివాని గుణము తెలియుటకు మాత్రము కాలము పట్టును.

అరణ్యకాండమున పదునారవ సర్గమున ఆ కాలము వచ్చినది. పంచవటిలో హేమంతర్తువు. తెల్లవారుజామున సీతారాములు గోదావరీస్నానమునకు పోవుచుండగా లక్ష్మణుడు కలశము చేబూని వెంట నడచుచు, మంచును చలిని వర్ణించుచు, ఉన్నట్లుండి భరతుని తలచెను. నీయందలి భక్తిచేత భరతుడు రాజ్యమును, భోగములను విడిచి చల్లని నేలపై శయనించుచున్నాడు. ఈ వేళకే లేచి సరయూస్నానమునకు పోవుచుండును. సుఖమున పెరిగిన ఆ సుకుమారుడు ఈ చలిలో ఎట్లు మునుగుచున్నాడో గదా అని వాపోయెను.

నాడు చంపదలచినది ఇతనినే! ఈ మార్పు ఎట్లు కలిగినది? తాను అనుభవించుచున్న చలియే అన్న పడుచున్న చలిని అతనికి తెలిపినదని తోచుచున్నది. ఒకడు గోదావరి చెంత, వేరొకడు సరయువు చెంత. ఇరువురి వ్రతమును రాముని కొరకే. దూరమున నున్నవాడు కూడ తనవలెనే కష్టపడుచున్నాడని గ్రహించిననాడు అనుమానము కరగి ప్రేమయైనది.

ఆ వెంటనే లక్ష్మణుడు కైకేయిని నిందింప బోగా రాముడు వారించెను. మధ్యమాంబను నిందింపవలదు, భరతుని కథయే చెప్పుమనెను. నలువురమును మరల ఎన్నడు కలిసికొందుమో యని తానును పరితపించెను. ఒకరిని మెచ్చుటకు వేరొకరిని తూలనాడ నక్కరలేదని ఇందలి ఉపదేశము.

మన ఇండ్లలోను ధనుర్మాసపు వేకువలున్నవి. అందరికంటె ముందు లేచి నీళ్ళు కాచిన అక్క, చిన్నవారిని లేపి కోవెలకు తోడుకొనిపోయిన అన్న, ప్రసాదపు దొన్నెలో సగము మనకు మిగిల్చిన తమ్ముడు ఏ ఇంట లేరు? నాడు వారిని మనము గుర్తింపలేదు. పెద్దయై పాలుపంపుల నాడు మాత్రము ఎవరి ధ్వజము కనబడినను శత్రుసేనయే వచ్చినదని భ్రమింతుము. అట్టి వేళ ఒక్క క్షణమాగి, వీరు ఏ చలిలో మునిగి వచ్చిరో యని యోచింపవలెను. మాటలు లేక దూరమైన తోబుట్టువు గుణమొకదానిని రేపటి వేకువ స్నానవేళ తలచికొందము. అదియే పంచవటిలో లక్ష్మణస్వామి మనకు చూపిన త్రోవ.