వైద్యశాలలో నాయకత్వం – ఒక పరిశీలన

మన కళాశాలలో చదివి వైద్యవృత్తిలో ప్రవేశింపగోరు విద్యార్థినీ విద్యార్థులు ఏటా కొందరుంటారు. ఒకరు డాక్టరు కాగోరుతారు, మరొకరు నర్సు, ఇంకొకరు ఫార్మసిస్టు. వారితో ముచ్చటించినప్పుడు ఒక మాట తరచుగా వినవస్తుంది: పెద్ద పదవి లభించినచో నాయకత్వం దానంతట అదే వస్తుందని. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. సాహిత్యం బోధించువారికి వైద్యశాలతో పనియేమని కొందరు అడుగవచ్చు. మానవ స్వభావాన్ని చదువుట మా వృత్తి. అది వైద్యశాలలో కనబడినంత స్పష్టంగా మరియొకచోట కనబడదని మా నమ్మకం.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1846వ సంవత్సరంలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. ఆ యేడు మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా బాలింతలు సూతికా జ్వరంతో మరణించగా, రెండవదానిలో నూటికి ముగ్గురి లోపే మరణించినారు. ఈ భేదం ఊరిలోని స్త్రీలకు తెలుసు. మొదటి విభాగంలో చేర్చవద్దని వారు కాళ్ళావేళ్ళా పడేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువ వైద్యుడు కారణం వెదకినాడు. గాలియా, జనసమ్మర్దమా, మరణశయ్య వద్దకు గంట మ్రోగిస్తూ వచ్చు మతాచార్యుని చూచి కలిగిన భయమా అని ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. ఏదీ నిలువలేదు. 1847 మార్చిలో ఆయన మిత్రుడైన కొలెచ్కా, శవపరీక్ష సమయంలో కత్తి గాటు తగిలి, అదే లక్షణాలతో మరణించినాడు. అప్పుడు విషయం బోధపడినది. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే ప్రసూతి గదికి వస్తున్నారు! మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుట విధి చేసినాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూలై నాటికి ఒకటికి దిగినవి.

ఇంతటి విజయం తరువాత ఏమి జరిగినది? ఆయన వెంటనే ఏమీ ప్రకటించలేదు. మిత్రులే ఆయన పక్షాన వ్రాసినారు. 1850లో ఆకస్మికంగా వియన్నా విడిచి వెళ్ళినాడు. గ్రంథం వెలువడినది 1861లో. అటుపిమ్మట తన మాట నమ్మని ఆచార్యులను హంతకులని నిందిస్తూ బహిరంగ లేఖలు ప్రకటించినాడు. 1865లో ఒక మానసిక చికిత్సాలయంలో, 47 ఏండ్ల వయస్సులో మరణించినాడు. తన వల్ల కూడ మరణాలు సంభవించినవని ఆయన గ్రంథంలో ఒప్పుకొన్నాడు. ఆయన నిజాయితీని మేము శంకించము. ప్రత్యర్థుల అహంకారం కూడ తక్కువది కాదు. అయితే తన చేతులే తల్లుల ప్రాణం తీసినవని అంగీకరించుట ఏ వైద్యునికైనను దుర్భరం. ఆ బాధను గుర్తించి, వారు తల వంచుకొనకుండా చేతులు కడుగుకొను మార్గం చూపుట అవసరమై ఉండినది. చెప్పేవానికి వినేవాడు లోకువ అంటారు. అట్లా చెప్పినప్పుడు వినువాడు మిగలడు.

ఆ కాలంలోనే మరొకరి చరిత్ర భిన్నంగా నడిచినది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మన పిల్లలకు దీపం జ్ఞప్తికి వస్తుంది. పాఠ్యపుస్తకాలు అంతటితో ఆగిపోవుట మాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో స్కుటారి సైనిక వైద్యశాల చేరినది. నేటి ఇస్తాంబుల్‌లోని ఉస్కుదారే ఆ స్కుటారి. ఆమె వచ్చిన తరువాత కూడ ఆ చలికాలంలో మరణాలు పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో రోగులలో నూటికి 42 మంది చనిపోయినారు. భవనం క్రింది మురుగు కాలువలు పూడిపోయి ఉండెను. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం కాలువలు కడిగించి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడు ఏర్పాటు చేయగా, జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు తగ్గినవి.

ఈ ఘనత తనదని చెప్పుకొనుటకు ఆమెకు అడ్డు లేకుండెను. ఆమె మాత్రం ఆ సంఘానికే పేరు ఇచ్చినది. స్వదేశం చేరి, విలియం ఫార్ అను గణాంకవేత్త సహాయంతో లెక్కలు తీసి, గాయాల వల్ల పోయినవారికంటె నివారింపదగిన వ్యాధుల వల్ల పోయినవారే చాల ఎక్కువని రంగుల చిత్రాలతో 1858లో చూపినది. తన సంరక్షణలో పోయినవారు కూడ ఆ లెక్కలో ఉన్నారు. 1857లో ఏర్పడిన రాజ సంఘంలో స్త్రీకి స్థానం లేదు. అధ్యక్షుడైన సిడ్నీ హెర్బర్ట్ ఆమె మిత్రుడు. సంఘానికి కావలసిన సామగ్రి ఆమె బల్ల మీద తయారైనది.

రేపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడుగుపెట్టు మన విద్యార్థి ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టుకొని చూడవలెనని మా కోరిక. వార్డులో నీళ్ళు ఏ గంటకు ఆగిపోవునో ఆయాకు తెలుసు. సబ్బు ఎన్నాళ్ళుగా లేదో ఊడ్చే మనిషికి తెలుసు. వారిని అడుగుటకు హోదా అక్కరలేదు. రిజిస్టరులో మరణం పక్కన కారణం సరిగా వ్రాయుటకును అక్కరలేదు. సెలవు అడుగుటకు వ్రాసినంత మర్యాదగా, మురుగు కాలువ గురించి పై అధికారికి లేఖ వ్రాయవచ్చు. జవాబు రానిచో మరల వ్రాయవచ్చు.

మన దేశంతో నైటింగేల్‌కు గల సంబంధం ఇట్టి లేఖల వల్ల ఏర్పడినదే. భారతదేశంలోని ఆంగ్ల సైన్యపు ఆరోగ్యాన్ని విచారించిన రాజ సంఘం 1859 నుండి 1863 వరకు పని చేసినది. సైనిక కేంద్రాలకు ముద్రించిన ప్రశ్నపత్రాలు పంపించి, వచ్చిన జవాబులను ఆమె చదివి క్రోడీకరించినది. సాలీనా వేయికి 69 మంది సైనికులు మరణిస్తున్నట్లు తేలినది. అప్పటికే ఆమె రోగపీడితురాలు, ఎక్కువ కాలం మంచం మీదనే గడుపుచుండినది. భారతదేశాన్ని ఆమె ఎన్నడును చూడలేదు. మన గ్రామాల నీటిని గురించి, కరవులను గురించి అధికారులకు మాత్రం ఆ తరువాత దశాబ్దాల పాటు వ్రాస్తూనే ఉండినది.